పాపము, నేరము

తెలుగున పాపమను మాటయు నేరమను మాటయు వేరువేరుగ నున్నవి. పల్లెటూరి ముసలమ్మ సహితము ఈ రెంటిని కలిపి పలుకదు. పొరుగువాని పొలముగట్టు జరిపినవానిని నేరము చేసినాడనును. ఆకలితో వాకిట నిలిచినవానిని, ఇంట అన్నముండియు, పొమ్మన్నవానిని పాపము మూటగట్టుకొన్నాడనును. మొదటివానిని విచారించుటకు న్యాయస్థానము కలదు. రెండవవానిని విచారించుటకు వాని యంతరాత్మయు, వాడు నమ్మువాడైనచో వాని దైవమును తప్ప మరియొకరు లేరు. భాషలో నింత స్పష్టముగ నున్న యీ భేదము రాజ్యముల చరిత్రలో మాత్రము పలుమారులు చెరిగిపోయినది. ఒక మతము పాపమన్నదానిని రాజ్యము నేరముగ నెంచి శిక్షింపవచ్చునా? విశేషించి, క్రైస్తవమతము బోధించు నీతిని శాసనబలముచే జనులందరికిని విధించుట తగునా? ఈ ప్రశ్నను ఇచ్చట విచారింపదలచితిమి.

ఇది దూరదేశపు ముచ్చట యని చదువరులలో కొందరనుకొనవచ్చును. కొంతవరకు నిజమే, ఈ వాదము పుట్టి పెరిగినది ఐరోపాలో. కాని గుంటూరు, కృష్ణా మండలములలోని క్రైస్తవ కుటుంబముల స్త్రీలు 132 సంవత్సరములు ఈ ప్రశ్నకు వేరొకరు చెప్పిన సమాధానము క్రింద బ్రతికిరి. ఆ కథకు తరువాత వత్తుము. ముందుగా పూర్వపక్షమును నిండుగ వినుట మన ధర్మము.

1957వ సంవత్సరమున ఇంగ్లండులో జాన్ వుల్ఫెండెన్ అధ్యక్షతను ఏర్పడిన విచారణసంఘము తన నివేదికను ప్రకటించెను. వయస్సు వచ్చిన పురుషులు ఏకాంతమున ఉభయసమ్మతితో నడపు సంబంధమును నేరముగ నెంచరాదనియు, మనుష్యుని స్వంత నడవడిలో శాసనమునకు పనిలేని భాగమొకటి ఉండవలెననియు ఆ సంఘము అభిప్రాయపడెను. రెండేండ్లకు, 1959లో, పాట్రిక్ డెవ్లిన్ అను న్యాయాధిపతి ఆ మతమును ఎదిర్చి ప్రసిద్ధమైన యుపన్యాసము చేసెను. ఆయన వాదసారమిది: సంఘమనగా ఒకచోట నివసించు జనుల గుంపు కాదు; మంచిచెడ్డలను గూర్చి ఉమ్మడి భావములు గలవారి కూటమి. ఆ భావములే యింటికి దూలములు. ఒక పురుషునకు ఒకే భార్య యను నియమము ఇంగ్లండునకు క్రైస్తవమతమునుండి వచ్చినది. కాని నేడది ఇంటి కట్టడములో కలిసిపోయినది గనుక క్రైస్తవుడు కానివాడును దానికి లోబడవలసినదే. దూలమును తీసినచో ఇల్లు కూలును. రాజద్రోహమును అణచు హక్కు రాజ్యమునకు ఎట్లు కలదో, నీతిద్రోహమును అణచు హక్కును అట్లే కలదు.

ఈ వాదము చులకనగ త్రోసివేయదగినది కాదు. ఉమ్మడి నీతి లేని సంఘము ఇసుకత్రాటి వంటిదని మేమును ఒప్పుకొందుము. 1963లో హార్ట్ అను న్యాయశాస్త్ర పండితుడు దీనికి ప్రత్యుత్తరమిచ్చుచు, సంఘము యొక్క నీతి కొంత మారుటయు సంఘమే నశించుటయు ఒకటి కాదని చూపెను. అది సరియైన ఉత్తరమే. కాని మా విచారణ ఇంకొకచోట ప్రారంభమగుచున్నది. ఈ పని చేయు హక్కు రాజ్యమునకు కలదా యని యడుగుటకు ముందు, ఈ పని రాజ్యమువలన అగునా యని యడుగవలెను. చేయబూనినప్పుడు ఏమి జరిగినదో చూడవలెను.

క్రైస్తవనీతికి నిలయమెక్కడ? యేసుక్రీస్తు కొండమీద చేసిన ప్రసంగమును చదివినవారికి ఇది తెలియును. నరహత్య చేయకుండుట చాలదు, సోదరునిపై క్రోధము వహించుటయు తప్పే యని ఆయన బోధ. వ్యభిచరింపకుండుట చాలదు, మోహదృష్టియు తప్పే. దానము చేయుట చాలదు, నలుగురు చూడవలెనని చేసిన దానము దానము కాదు. ఇట్టి నీతిని శాసనము ఎట్లు పట్టుకొనగలదు? ఏ రక్షకభటుడు మనస్సులోని కోపమునకు పంచనామా వ్రాయగలడు? ఏ అమీనా మోహపుచూపును జప్తు చేయగలడు? శాసనము చేతిని పట్టుకొనగలదు గాని హృదయమును పట్టుకొనలేదు. చెరసాలకు వెరచి దొంగతనము మానినవానితో రాజ్యము తృప్తిపడును. అంతకుమించి దానికి అక్కర లేదు. మతము తృప్తిపడదు. భయముచే కలిగిన మంచినడత రాజ్యమునకు చాలును; మతమునకు చాలదు. కావున మతము తన నీతిని రాజ్యముచేతి కిచ్చినప్పుడు, తాను ముఖ్యమని చెప్పినదానిని విడిచి, తాను అల్పమని చెప్పినదానిని మాత్రమే అందుకొనుచున్నది.

ఇది నవీనుల మాట మాత్రమే కాదు. 13వ శతాబ్దమున, మతగురువుల మాటకు రాజులు తలయొగ్గు కాలమున, తామస్ అక్వినాస్ అను మహావేదాంతి ఇదే ప్రశ్నను విచారించెను. మనుష్యశాసనము జనసామాన్యము కొరకు చేయబడునది; ఆ జనులలో పెక్కుమంది సద్గుణపూర్ణులు కారు; కావున శాసనము సకలదుర్గుణములను నిషేధింపక, గొప్ప దోషములను, అందును ముఖ్యముగ ఇతరులకు హాని చేయువానిని, మాత్రమే నిషేధింపవలెనని ఆయన తీర్చెను. మోయలేని బరువును మోపినచో జనులు మరింత చెడుదురని ఆయన భయము. తమ మతాచార్యులలో అగ్రగణ్యుడు గీచిన ఈ గీతను తరువాతివారు దాటిరి. దాటినవారి కథలు వినదగినవి.

1553లో జెనీవా నగరమున మైకేల్ సెర్వెటసును మతభేదమునకై సజీవముగ కాల్చిరి. కాల్చినవారు తాము కథోలికుల హింసనుండి తప్పించుకొన్నవారే. 1660లో అమెరికాలోని బోస్టను పట్టణమున మేరీ డయ్యర్ అను క్వేకరు స్త్రీని ఉరితీసిరి. తీసినవారు తమ మతాచారమును నిర్బంధము లేక నడుపుకొనుటకై ఇంగ్లండు విడిచి సముద్రము దాటివచ్చిన కుటుంబములవారే. ఆ వలసరాజ్యమునుండియే అంతకుముందు బహిష్కృతుడైన రాజర్ విలియమ్స్ అను బోధకుడు 1636లో ప్రావిడెన్సు అను గ్రామమును నెలకొల్పి, అచ్చట మతవిషయమున ఎవరిని నిర్బంధింపరాదని నియమించెను. ఆయన నాస్తికుడు కాడు, పరమభక్తుడు. బలాత్కారముచే చేయించిన పూజ దేవునికి దుర్గంధమని నమ్మినవాడు. మతమును రాజ్యమునుండి వేరుచేయుట మతద్వేషుల పని యనుకొనువారు ఈ చరిత్రను తలపోయవలెను.

ఇవి మతవిశ్వాసమునకు సంబంధించినవి, నీతికి సంబంధించినవి కావందురేని, నీతికి సంబంధించినదే యొకటి చెప్పుదుము. 1650వ సంవత్సరము మే నెలలో, రాజును వధించి ప్రజాప్రభుత్వము స్థాపించిన ఇంగ్లండు పార్లమెంటు, వ్యభిచారమునకు మరణదండన విధించుచు శాసనము చేసెను. ఆ శాసనము తన శీర్షికలోనే ఆ దోషములను పాపములని పేర్కొన్నది. పాపము నేరముగ మారిన క్షణమును ఇంతకన్న స్పష్టముగ చూపు పత్రము దొరకదు. ఫలితమేమి? పంచాయతీ కూర్చున్న జ్యూరీలు పొరుగువానిని ఉరికంబమెక్కించుటకు ఒప్పుకొనలేదు. దోషులని తీర్చిన వ్యవహారములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. 1660లో రాజు తిరిగి వచ్చుటతో శాసనము అంతరించెను. పదియేండ్లలో ఇంగ్లండున శీలము పెరుగలేదు. శాసనముపై గౌరవము మాత్రము తరిగినది.

ఈ శాసనములో నింకొక విశేషము కలదు. చదువరులు దీనిని గట్టిగ గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. వివాహితయైన స్త్రీ పరపురుషుని పొందినచో ఆమెకును వానికిని మరణము. వివాహితుడైన పురుషుడు అవివాహితను పొందినచో అది వ్యభిచారమే కాదు. మూడు నెలల చెరతో సరిపోవు చిన్న దోషము. ఈ భేదము సువార్తలలో ఎక్కడ నున్నది? ఎక్కడను లేదు. వ్యభిచారమున పట్టుబడిన స్త్రీని రాళ్లతో కొట్టుటకు యేసునొద్దకు తెచ్చిన కథ అందరెరిగినదే. ఆ గుంపు స్త్రీని మాత్రమే తెచ్చినది. ఆమెతో తప్పు చేసిన పురుషుడు ఆ కథలో కనబడడు. యేసు ఆ గుంపును సిగ్గుపరచి పంపివేసెను. క్రీస్తు పేర శాసనము చేసిన పార్లమెంటు మాత్రము క్రీస్తు పక్షమున గాక ఆ గుంపు పక్షమున నిలిచినది.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. రాజ్యము మతనీతిని చేతికి తీసికొన్నప్పుడు దానిని యావత్తును తీసికొనదు. తీసికొనలేదు. ఏరుకొనును. ఏరువాడు బలవంతుడు. ధనవంతుడు స్వర్గమున ప్రవేశించుట దుర్లభమని సువార్త చెప్పుచున్నది. ధనార్జనను నేరముగ శిక్షించిన క్రైస్తవరాజ్యము మాకు కనబడలేదు. శత్రువును ప్రేమింపుమని చెప్పుచున్నది. యుద్ధము చేసినందుకు క్రైస్తవరాజులు శిక్షింపబడలేదు. బలవంతునకు బరువైన విధులన్నియు బోధలుగ మిగిలినవి. బలహీనునకు, అందును స్త్రీకి, బరువైన విధులు శాసనములైనవి.

ఇప్పుడు మన దేశమునకు వత్తుము. 1857వరకు ఇంగ్లండులో వివాహవ్యవహారములు మతాచార్యుల న్యాయస్థానములలో నడచెడివి. ఆ సంవత్సరమున అవి సివిలు న్యాయస్థానమునకు మారినవి. మారునప్పుడు, భార్య వ్యభిచరించినచో అదొక్కటియే భర్తకు విడాకులకు చాలుననియు, భర్త వ్యభిచరించినచో అది భార్యకు చాలదనియు, దానితోపాటు క్రూరత్వమో పరిత్యాగమో మరియొక ఘోరమో రుజువు చేయవలెననియు నిర్ణయించిరి. పరమనిష్ఠాపరుడైన క్రైస్తవుడు గ్లాడ్‌స్టన్ ఆనాడు ఆ శాసనమును ఎదిర్చెను. స్త్రీపురుషులకు ఇట్లు వేరువేరు కొలతలు పెట్టుట క్రైస్తవధర్మమునకు విరుద్ధమని ఖండించెను. ఆయన మాట చెల్లలేదు. ఆ శాసనమే మూసగ 1869లో భారతదేశపు క్రైస్తవుల కొరకు విడాకుల చట్టము పుట్టెను.

ఆ చట్టములోని 10వ ప్రకరణమును చదువుడు. భర్త తన భార్య వ్యభిచారమును మాత్రము చూపినచో చాలును. భార్య, సామాన్యముగ, భర్త వ్యభిచారమును, దానితో జతగ క్రూరత్వమునో, రెండేండ్లకు తక్కువ కాని పరిత్యాగమునో చూపవలెను. భర్త ఆమెను నిత్యము చావగొట్టుచున్నను, ఆ యొక్క కారణముచే వివాహబంధము తెగదు. వేరుగ నుండుటకు మాత్రము అనుమతి దొరకును. పదియేండ్లు విడిచిపోయినను అంతే. అన్యుడు తన భార్యను పొందినందుకు వానినుండి భర్త సొమ్ము రూపమున నష్టపరిహారము కోరుటకు 34వ ప్రకరణము వీలు కల్పించినది. భార్య తన భర్త గెలిచినదాన్నుండి అట్లు కోరుటకు మాత్రము ఏ ప్రకరణమును లేదు. జిల్లా న్యాయస్థానము విడాకుల తీర్పు చెప్పినను, ఉన్నత న్యాయస్థానము ధ్రువపరచువరకు అది చెల్లదు.

వివాహము విడరాని పవిత్రబంధమను భావము ఈ చట్టమునకు ముఖము. పురుషాధిక్యము దీనికి వెన్నెముక. ఇంగ్లండు 1923లో వ్యభిచారవిషయమున స్త్రీపురుషులను సమానము చేసికొన్నది. 1937లో క్రూరత్వమును పరిత్యాగమును స్వతంత్రకారణములుగ అంగీకరించినది. తల్లి యింట చెల్లని నాణెము మన యింట మాత్రము చెల్లుచునే యుండెను. 1955లో హిందువుల వివాహచట్టము వచ్చినది. 1960లోను, 1983లోను న్యాయసంఘము క్రైస్తవుల చట్టమును మార్చుమని ప్రభుత్వమునకు నివేదించినది. మతవిషయమున చేయిపెట్టినచో అల్పసంఖ్యాకులు నొచ్చుకొందురని ప్రభుత్వములు జంకెను. నొచ్చుకొనువారెవ్వరు? 1995లో ఈ నియమములను త్రోసివేయుమని కేరళ ఉన్నత న్యాయస్థానమునకు వెళ్లినవారు క్రైస్తవ స్త్రీలే. ఆ న్యాయస్థానము వారి మొర నాలకించి, వ్యభిచారముతో జతచేయక క్రూరత్వమునో పరిత్యాగమునో చూపినను చాలునని తీర్చినది. 2001లో పార్లమెంటు చట్టమునే సవరించి, స్త్రీపురుషులకు సమానకారణములు కల్పించి, ఉభయసమ్మతితో విడిపోవుటకును దారి చూపినది.

నడుమ గడచిన 132 ఏండ్లను తలంపుడు. మా మనస్సు నిలుచునది ఆ లెక్కమీదనే. తన దెబ్బలు చాలక, భర్త వ్యభిచారమునకు సాక్షులను వెదకవలసిన స్త్రీ యెట్టి స్థితిలో నుండునో తలంపుడు. సాక్షి దొరకనిచో ఆమెకు రెండే దారులు: దెబ్బలు సహించుట, లేదా అబద్ధసాక్ష్యము తెచ్చుట. అబద్ధసాక్ష్యము పలుకరాదని మోషే పది ఆజ్ఞలలో నొకటి. ఒక ఆజ్ఞను కాపాడుటకు పుట్టిన చట్టము ఇంకొక ఆజ్ఞను మీరుమని దుఃఖితురాలిని ప్రేరేపించినది. ఇది నీతిని కాపాడుట యగునా?

ఇట్టిదే 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ ప్రకరణము. వుల్ఫెండెను సంఘము కోరిన మార్పును ఇంగ్లండు 1967లో చేసికొన్నది. ఆ దేశము తన పాతనీతి ననుసరించి మనకు పెట్టిన నిషేధము మాత్రము, వయస్సు వచ్చినవారి ఏకాంతసమ్మతివిషయమున, 2018 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేయువరకు నిలిచినది. కొందరు దానిని మన ప్రాచీనధర్మమని సమర్థించుట విన్నప్పుడు మాకు వింత కలిగెను. అరువు తెచ్చిన గొడ్డలిని తాతలనాటి ఆస్తి యనుకొనుట యిట్టిదే.

ఇక రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలెను. మొదటిది: శాసనము సడలినచో కుటుంబములు కూలునను భయము. ఐర్లండు దీనికి ఉదాహరణము. 1925లో ఆ దేశపు సెనేటులో కవి యేట్సు విడాకులను మూయు ప్రయత్నమును ఎదిర్చి మాటలాడెను. ఒక మతమువారి నియమమును అందరికిని శాసనము చేసినచో, ఉత్తరభాగమునందలి ప్రొటెస్టెంట్లు ఎన్నటికిని మీతో కలియరని హెచ్చరించెను. ఆయన మాట వినక, 1937 నాటి రాజ్యాంగములోనే విడాకులను నిషేధించిరి. 1986లో ప్రజలు ఆ నిషేధమునే నిలుపుకొనిరి. 1995లో 16 లక్షలకు పైగ ఓట్లు పడగా, కేవలము 9,114 ఓట్ల ఆధిక్యముతో అది తొలగినది. ఇల్లు కూలినదా? ఐరోపాలో విడాకులు మిక్కిలి తక్కువగ నున్న దేశములలో ఐర్లండు నేటికిని ఒకటి. కుటుంబములను నిలిపినది నిషేధము కాదు, దంపతుల మనస్సులు. నిషేధము నిలిపినది అప్పటికే కూలిన ఇండ్ల గోడలను మాత్రమే.

రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది. మతనీతిని శాసనములోనికి రానీయరాదందురేని, బానిసవ్యాపారమును మాన్పినదెవరు? 1807లో బ్రిటిషు పార్లమెంటుచే దానిని నిషేధింపజేసిన విల్బర్‌ఫోర్సు తన క్రైస్తవవిశ్వాసముచేతనే ఆ పనికి పూనుకొన్నవాడు కాడా? అవును. అట్టి భక్తికి మేము నమస్కరింతుము. కాని చూడుడు: ఓడ అడుగున సంకెళ్లలో నున్న మనుష్యుని బాధను తెలిసికొనుటకు బైబిలు చదువనక్కర లేదు. హిందువునకును, మహమ్మదీయునకును, ఏ మతము లేనివానికిని ఆ బాధ తెలియును. విల్బర్‌ఫోర్సును కదలించినది మతము. శాసనమునకు ఆధారమైనది ఒకడు ఇంకొకనికి చేయుచున్న హాని. మనుష్యుని ఏ దీపము మేల్కొలిపినను మాకు అభ్యంతరము లేదు. శాసనసభలో నిలిచినప్పుడు మాత్రము అందరి కన్నులకును కనబడు కారణమును చూపవలెను.

ఈ కొలతబద్ద అన్నిచోట్ల సులభముగ పనిచేయునని చెప్పము. గర్భస్థశిశువును గూర్చిన వివాదమున, ఇతరునకు హాని యనుటలో ఆ ఇతరుడెవడను ప్రశ్నయే వివాదాస్పదము. ఐర్లండు 1983లో ఒక విధముగను, 2018లో మరియొక విధముగను తీర్పు చెప్పుకొన్నది. ఇచ్చట ఇరుప్రక్కలను మనస్సాక్షి గలవారున్నారని మేము ఒప్పుకొందుము. ఒప్పుకొనుచునే ఒక్కమాట చెప్పుదుము: అట్టి వివాదములలో సహితము, మా గ్రంథములో నున్నది గనుక మీరు వినవలెననుట వాదము కాదు. తల్లి ప్రాణమును, శిశువు స్థితిని, వైద్యుని జ్ఞానమును అందరికిని తెలియు భాషలో తూచవలసినదే.

ఈ పాఠము క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదు. వితంతువు మరల పెండ్లాడరాదను నియమమును పూర్వము మన దేశమున న్యాయస్థానములు హిందువులపై నడపుచుండెను. 1856 నాటి శాసనము ఏ వితంతువును పెండ్లాడుమని నిర్బంధింపలేదు. పెండ్లాడదలచినదానికి అడ్డు తొలగించినది. అయినను 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ మొదటి వితంతువివాహమును జరిపించుటకు పాతికయేండ్లు పట్టినది. శాసనము తలుపు తెరచును. నడచి లోపలికి పోవుటకు మనుష్యుల మనస్సు మారవలెను. ఆ పనికి బోధ కావలెను, ధైర్యము కావలెను, ప్రేమ కావలెను. ఇవి మతమునకు తగిన ఆయుధములు.

తుదకు భక్తులైన క్రైస్తవ సోదరులకు వారి ధర్మమునుండియే యొక మనవి. ఇతరులు మీకేమి చేయవలెనని కోరుదురో మీరు వారికి దానినే చేయుడను బోధ మీది. ఒక దేశమున మీరు అధికసంఖ్యాకులు; తెలుగునేలపై అల్పసంఖ్యాకులు. అచ్చట మీ మతనియమమును ఇతరులకు శాసనము చేయుట న్యాయమైనచో, ఇచ్చట ఇతరుల మతనియమమును మీకు శాసనము చేయుటయు న్యాయమే యగును. ఇచ్చట దానిని మీరు సహింపజాలనిచో, అచ్చట దానిని కోరకుడు. హిందువులమును ఇదే మాటను మాకు మేము చెప్పుకొనవలసియున్నది. ఇంగ్లండు వెళ్లి నివసించు మన బిడ్డలకు ఏ స్వేచ్ఛను కోరుదుమో, మన యూరి చివర ప్రార్థనామందిరమునకు పోవు మన పొరుగువానికిని దానినే ఇయ్యవలెను.

పాపమును మాన్పు పని గురువులది, తల్లిదండ్రులది, స్నేహితులది, ఎవరికి వారిది. నేరమును అడ్డుకొను పని రాజ్యముది. ఒకరి పనిని ఇంకొకరు పైని వేసికొన్నచోట్ల రాజ్యము క్రూరమైనది, మతము సోమరియైనది. తెలుగు ముసలమ్మ వేరుగ పలికిన ఆ రెండు మాటలను మన శాసనకర్తలును వేరుగనే ఉంచుదురుగాక.